ఒక గూడు, ఐదు గుండెలు

పరిశీలన చిట్టా
నత్తలంక ప్రభుత్వ ఆసుపత్రి, పసికందుల వార్డు
రాస్తున్నది: మృదుల, పరిశీలకురాలు (రెండో తరగతి)

మొదటి రోజు

లాంచీలో ఆరు గంటలు. అందులో నాలుగు గంటలు తల బయటపెట్టే కూర్చున్నాను, గాలి కోసం మాత్రం కాదు. రేవులో దిగాక కూడా కాళ్ళకింద నేల ఊగుతూనే ఉంది. నేల అని అలవాటుకొద్దీ రాశాను; నత్తలంకలో నేల లేదు, ఊరంతా స్తంభాల మీదే. ఆసుపత్రి ఒకప్పటి తుఫాను షెల్టరు. పోటు వచ్చినప్పుడల్లా కింది ఏడు మెట్లు మునుగుతాయి. నేను వచ్చింది సరిగ్గా పోటు వేళకి. ఎనిమిదో మెట్టు మీద తెల్లచీరలో ఒకావిడ నిలబడి చెయ్యి అందించింది.

"మండలి పంపిన మేడమ్ మీరేనా? చెప్పులు చేతిలో పట్టుకోండి. మొన్న కాంపౌండరుగారివి సముద్రం పట్టుకుపోయింది. ఒకటే పట్టుకుపోయింది, అదీ ఆయన బాధ."

ఆవిడ హెడ్ సిస్టర్ సువార్తమ్మ. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. డాక్టరు మంగళ, శుక్రవారాల్లో వీడియో తెర మీద కనబడతారు. మిగతా ఐదు రోజులూ ఆవిడే డాక్టరు.

నా పని చిన్నది. పరికరాల సమీక్షా మండలి ఈ వార్డుకి నాలుగు గూళ్ళు పంపింది. వార్డువాళ్ళు ఆ పద్ధతిని నిజంగా ఒంటబట్టించుకున్నారా, లేక అధికారులొచ్చిన రోజే బీరువాలోంచి తీస్తున్నారా అన్నది నలభై రోజులు చూసి రాయాలి. చూడాలి, రాయాలి, ముట్టుకోకూడదు.

గూడంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని తల్లి ఛాతీకి ఆనించి కట్టే మెత్తటి సంచి. తల్లి ఒంటి వేడిని బిడ్డకి సరిపడా పంచుతుంది. ఊపిరి లెక్కపెడుతుంది, బరువు తూస్తుంది. తల్లి గుండె చప్పుడుని గుర్తుపెట్టుకుంటుంది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ పచ్చదీపం. వినబడకపోతే పసుపు. పసుపు ఐదు నిమిషాలు దాటితే ఎరుపు, పెద్ద కూత. వాడుక పుస్తకం మొదటి పేజీలోనే లావు అక్షరాలతో ఉంది: ఒక గూడు, ఒక గుండె.

బల్లమీద కూర్చుని రికార్డులు తిరగేశాను. మూడో గూడు దగ్గర ఆగిపోయాను. దాని లెక్క ప్రకారం నాగలత అనే బాలింత పదకొండు రోజులుగా, రోజుకి ఇరవైమూడు గంటల యాభై నిమిషాలు గూడు విప్పలేదు. స్నానం లేదు, పడక లేదు. పొద్దున నిమిషానికి తొంభైసార్లు కొట్టుకునే గుండె సాయంత్రానికి అరవైకి దిగుతోంది.

దొంగలెక్క. మొదటి రోజే దొరికింది. నిజం చెప్పాలంటే చాలా సంతోషం వేసింది.

రెండో రోజు

సాయంత్రం ఏడింటికి నాగలత మంచం దగ్గరికి పిల్లిలా వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆపరేషన్ కుట్లు చీముపట్టి రోజూ కట్టు మారుస్తున్నారు. చారన్నం తిని హాయిగా నిద్రపోతోంది. ఛాతీమీద గూడూ లేదు, బిడ్డా లేదు.

వెతుక్కుంటూ వరండాలోకి వెళ్ళాను. మెలితిప్పిన మీసాలతో ఒకాయన కాళ్ళు బారజాపి వల అల్లుకుంటున్నాడు. చొక్కా మూడు బొత్తాలు విప్పి ఉన్నాయి. వాటి మధ్య పచ్చదీపం.

"మీరెవరండీ?" అన్నాను.

"సూర్రావండి. పిల్ల తాతని. నాగలత మా కోడలండి."

"గూడు మీ దగ్గరుందేమిటి?"

"ఆరింటి నుంచి పదింటిదాకా నాదేనండి. కాస్త మెల్లిగా మాట్లాడండి అమ్మాయిగారూ, ఇప్పుడే కునుకు తీసింది."

"తల్లి గుండె అయితేనే దీపం పచ్చగా ఉంటుంది కదా!"

ఆయన గడ్డం దించి దీపంకేసి చూసుకున్నాడు. "ఉంది కదండీ," అని మళ్ళీ వల అందుకున్నాడు.

నాలుగో రోజు

రెండు రోజులు తప్పించుకుని తిరిగిన సువార్తమ్మ ఇవాళ తనే వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకుంది.

"చెప్పేస్తాను మేడమ్. ఆ తర్వాత ఏం రాసుకుంటారో మీ ఇష్టం. గూళ్ళు వచ్చిన కొత్తలో నాగలత గూడుకే ఒక ఎర్రదీపం పడింది. రోజంతా మొయ్యాలంటే కుట్లతో ఎలా మోస్తాదండీ? మర్నాడు జ్వరంతో తూలి పడబోతుంటే వాళ్ళమ్మ గబుక్కున వచ్చి కావిలించుకుని ఆపింది. మధ్యలో పిల్ల. నేనొచ్చి చూద్దును కదా, దీపం పచ్చగానే ఉంది! రెండు గుండెలు ఒక్కచోట వినబడేసరికి దానికి తికమకై రెండూ ఒకటే అనేసుకుంది. పట్టీ అటు జరిపాను. పచ్చే. తొంభై సెకన్లు చాలు. పుస్తకంలో లేదు. మేం కనిపెట్టాం."

అంటే గూడు చేతులు మారాలంటే ఇద్దరు మనుషులు తొంభై సెకన్లు ఒకరినొకరు కావిలించుకుని నిలబడాలి.

"అయితే సూర్రావుగారు నేరుగా కోడలి దగ్గరే తీసుకోవచ్చు కదా. మధ్యలో ఇంతమంది ఎందుకు?" అన్నాను.

వార్డులో ఉన్న ఎనిమిదిమంది ఆడవాళ్ళూ ఒక్కసారి నాకేసి తిరిగారు.

"చదువుకున్న పిల్లవి. అవేం మాటలమ్మా," అంది సువార్తమ్మ. ఆవిడ నన్ను మేడమ్ అనడం అక్కడితో ఆగిపోయింది.

గోడమీది వంతుల పట్టీ నాకు అప్పుడర్థమైంది. నాగలత పొద్దున పదింటికి తన తల్లి చిలకమ్మకి ఇస్తుంది. తల్లీకూతుళ్ళు, ఇబ్బంది లేదు. చిలకమ్మ రెండింటికి వియ్యపురాలు దుర్గాయమ్మకి ఇస్తుంది. వదినలూ వదినలూ, ఫరవాలేదు. దుర్గాయమ్మ ఆరింటికి భర్త సూర్రావుకి. ఇది మందుల గది తెర వెనక జరుగుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇద్దరూ నలుగురిలో పక్కపక్కన కూర్చున్నది లేదట. తెర ఇవతలికి మాటలు మాత్రం వస్తాయి:

"ఊపిరి బిగబట్టకండి, దీపం మారట్లేదు."

"ముందు నువ్వు నవ్వడం ఆపవే."

సూర్రావు పదింటికి కొడుకు పెద్దిరాజుకి ఇస్తాడు. పగలంతా సముద్రపు నాచు తోటల్లో తాళ్ళు లాగి వచ్చే మనిషి. ఆ తండ్రీకొడుకులు పెద్దయ్యాక కావిలించుకోవడం ఇదే మొదలట. తొంభై సెకన్లూ కప్పుకేసి చూస్తూ గాలి ఏ మూల నుంచి వీస్తోందో మాట్లాడుకుంటారు. పొద్దున ఆరింటికి పెద్దిరాజు భార్యకి ఇస్తాడు. అప్పుడు వార్డు మొత్తం ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నట్టు నటిస్తుంది. ఒక్కరూ నిద్రపోరు.

"స్టాఫే మోయొచ్చు కదా?" అని అడిగాను.

"మా గుండెలు స్టాఫువని దానిలో ముందే నమోదు. మేం మోస్తే తోసేస్తది." సువార్తమ్మ గొంతు తగ్గింది. "చూడమ్మా, ఒకే గూడుకి మూడు ఎర్రదీపాలు పడితే మాకు వాడడం రాదని లెక్క. నాలుగూ పట్టుకుపోతారు. పన్నెండు వందల నలభై గ్రాముల పిల్ల. పద్దెనిమిది వందలు దాటితే గూడు లేకుండా బతుకుతాది. ఈలోగా గూడు పోతే ఆరు గంటలు లాంచీలో పంపాలి. గూళ్ళు రాకముందు పోయినేడు ముగ్గుర్ని పంపాను. ఒక్కణ్ణే తీసుకొచ్చారు."

రాసుకునే వంకతో తల దించుకున్నాను.

తొమ్మిదో రోజు

బరువు 1,405.

నాకు ఒకచోట కాలు నిలవదు. కాలేజీలో గణాంకాల క్లాసులో నన్ను తలుపు పక్కనే కూర్చోబెట్టేవారు, మాటిమాటికీ లేచి వెళ్తానని. అలాంటిదాన్ని ఎనిమిది రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఇవాళ ఉండబట్టలేదు. గూడు నిమిషానికోసారి తూస్తుంది కదా, ఆ అంకెలన్నీ ఊరికే పోతున్నాయి. ఎవరి వంతులో బిడ్డ ఎన్ని గ్రాములు పెరిగిందో రంగు పెన్సిళ్ళతో పటం గీసి గోడకి అంటించాను. ముట్టుకోకూడదన్నారు గానీ గీయకూడదని ఎవరూ అనలేదు.

పన్నెండో రోజు

పటానికి మంచి గిరాకీ. పక్క వార్డు నుంచి కాలు విరిగినాయన కూడా కర్రమీద వచ్చి చూసి వెళ్ళాడు.

చిలకమ్మ వంతు: పద్నాలుగు, పదకొండు, పదహారు. దుర్గాయమ్మ వంతు: తక్కువ ఆరు, తక్కువ తొమ్మిది, తక్కువ నాలుగు.

"మరేనండి," అంది చిలకమ్మ, ఎవరితోనూ కానట్టు. "కొందరి ఒంటికి పిల్ల హత్తుకుంటది. కొందరికి హత్తుకోదు. ఎవరినేమంటాం."

దుర్గాయమ్మ కడిగిన ఉగ్గుగిన్నెనే నాలుగోసారి కడిగింది.

మంచం మీద పడుకుని పాలు పిండుతున్న నాగలత నాకేసి చూసి మెల్లిగా అంది: "పాలు నావండి. గ్రాములు వాళ్ళవి."

పదిహేనో రోజు

దుర్గాయమ్మ అన్నం మానేసిందని తెలిసి లెక్కలు మళ్ళీ ముందేసుకున్నాను. కారణం పది నిమిషాల్లో దొరికింది. గూడు బిడ్డతోపాటు గుడ్డల్ని కూడా తూస్తోంది. పొద్దుటినుంచి తడిసిన గుడ్డల్ని దుర్గాయమ్మ మూడింటికి మారుస్తుంది. తడి బరువు చిలకమ్మ లెక్కలో పడుతోంది, తీసేసిన బరువు దుర్గాయమ్మ లెక్కలో పోతోంది. సువార్తమ్మ రోజూ పొడిగుడ్డలో తూసే బరువే అసలుది.

ఇంత మంచి వార్త చెవిలో చెప్పాలని నాకు తోచలేదు. వార్డు మధ్యలో నిలబడి అందరికీ వివరించాను.

చిలకమ్మ మొహం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్ళూ నా వంతులో పెరిగింది ఉచ్చ అంటావా?"

దుర్గాయమ్మ మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. బాగా నవ్వింది. "నేననలేదు వదినగారూ. చదువుకున్నమ్మాయి అంటోంది."

"నవ్వండి, నవ్వండి. మీ ఇంట్లో పులుసుకి లేని పులుపంతా నోట్లోనే ఉంది."

"మా పులుసు మూడుసార్లు పోయించుకున్నదెవరో!"

అంతే. రెండింటికి వంతు మారాలి. "ఆవిణ్ణి రమ్మనండి," అంటుంది ఈవిడ. "పిల్ల ఆవిడ దగ్గరుంది, ఆవిడే రావచ్చు కదా," అంటుంది ఆవిడ. ఇద్దరి మధ్యా ఆరడుగులు. కోపంతో దడదడలాడే గుండెని గూడు గుర్తుపట్టదని ఆ పూట తెలిసింది. చిలకమ్మ ఛాతీమీద దీపం పసుపుకి తిరిగింది. ఐదు నిమిషాల తర్వాత ఎర్రబడి కూతపెట్టింది.

నాగలత కుట్లు చేత్తో అదిమిపట్టుకుని మంచం దిగి వచ్చి బిడ్డని లాక్కుంది. కట్టంతా రక్తం.

రెండో ఎర్రదీపం. గూడు దానంతటదే మండలికి కబురు పంపింది. ఐదు రోజుల్లో సమీక్షాధికారి వైకుంఠరావుగారు స్వయంగా వచ్చి కూర్చుంటారట. మూడోది పడితే నాలుగు గూళ్ళూ ఆయనతోనే లాంచీ ఎక్కుతాయి.

పదహారో రోజు

బరువు 1,530. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా సున్నా.

పటం చింపేశాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. అందరికీ అంకెలు నోటికొచ్చు.

నాగలతకి జ్వరం. అమ్మమ్మా నాయనమ్మా ఒకే బల్లమీద ఆ చివరా ఈ చివరా కూర్చుని ఒకరికేసి ఒకరు చూడకుండా చెరో గోడకేసి చూస్తున్నారు. చిలకమ్మ నుంచి గూడు ఎవరికి వెళ్ళాలి? వియ్యంకుడు సూర్రావుకి కుదరదు. అల్లుడు పెద్దిరాజుకి అసలే కుదరదు, ఆ మాట వింటేనే సముద్రంలో దూకేలా ఉన్నాడు.

సువార్తమ్మ నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు పెట్టిన చిచ్చేగా. రా."

"నేను పరిశీలకురాలిని. ముట్టుకోకూడదని పదకొండో నియమం..."

"ఆ నియమానికి ఎన్ని గ్రాములు?"

చేతులు కడుక్కుని చిలకమ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ నన్ను గట్టిగా పొదువుకుంది. పసుపుదీపం. పసుపే. ఇంకా పసుపే.

"ఊపిరి తియ్యి పిల్లా. పరీక్ష రాస్తున్నావా ఏంటి?" అంది సువార్తమ్మ.

ఊపిరి తీశాను. దీపం పచ్చబడింది. పట్టీ నా భుజం మీదికి వచ్చింది. కేజీన్నర బెల్లం ముద్దంత బరువు. బెల్లం ముద్దకి వేళ్ళుండవు. దీనికి ఉన్నాయి, పదీ పనిచేస్తున్నాయి, నా మెడ దగ్గర చర్మాన్ని పట్టుకుని వదలడం లేదు. పది నిమిషాలుంచుకుని దుర్గాయమ్మకి ఇచ్చాను.

పదకొండో నియమం ఉల్లంఘించాను. తేదీ, వేళ వేసి ఇక్కడే రాస్తున్నాను.

పద్దెనిమిదో రోజు

బరువు 1,580. పెరుగుతోంది.

నేనిప్పుడు గూడుతోపాటు కబుర్లు కూడా మోస్తున్నాను. చిలకమ్మ నన్ను కావిలించుకుని చెవిలో అంటుంది: "పిల్లకి కడుపుబ్బరం, కాస్త నిటారుగా పట్టుకోమను. నేను చెప్పానని చెప్పకు." దుర్గాయమ్మ నన్ను కావిలించుకుని అంటుంది: "నేను ముగ్గుర్ని పెంచానని చెప్పు. నేనన్నానని చెప్పకు." తొంభై సెకన్లకి చెరో యాభై మాటలు. ఇన్నేళ్ళలో నన్ను ఇంతమంది ఇన్నిసార్లు కావిలించుకోలేదు. హాస్టల్లో నాకు జ్వరమొస్తే తలుపు కింద నుంచి మాత్ర తోసేవారు.

ఇరవయ్యో రోజు

బరువు 1,625.

తొమ్మిది గంటల లాంచీకి వైకుంఠరావుగారు వచ్చారు. పలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతికి పాతకాలం ముళ్ళ గడియారం. చెప్పులు చేతిలో పట్టుకోమంటే వినలేదు. ఒక చెప్పుతో వార్డులోకి వచ్చారు.

మొదట నా చిట్టా చదివారు, మొత్తం. పదహారో రోజు దగ్గర ఆగి నాకేసి చూశారు.

"ఇందులో ఇంకో గుండె ఉందని గూడు పంపిన లెక్కల్లో కనబడుతూనే ఉంది. అది నీదన్నమాట."

"అవునండి."

"దాచకుండా రాశావు. మంచిది. నీ పరిశీలన రద్దు. ఇవాళ ఆ గూడుని ముట్టుకోవద్దు. వీళ్ళ పద్ధతి వీళ్ళ చేతుల్లో నిలబడుతుందో లేదో నేను చూడాలి."

వార్డు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పదింటికి నాగలత తల్లికి ఇవ్వడం చూసి ఏదో రాసుకున్నారు. పన్నెండున్నరకి సువార్తమ్మ పెట్టిన భోజనం వద్దన్నారు, సొంత డబ్బా తెచ్చుకున్నారు. సముద్రం ఆటు మీద ఉంది.

రెండింటికి పది నిమిషాలుండగా నాగలతని కట్టు మార్చే గదిలోకి తీసుకెళ్ళారు. పెద్దిరాజు తోటల్లో ఉన్నాడు. వార్డులో చిలకమ్మ, ఆవిడ ఛాతీమీద బిడ్డ. ఆరడుగుల అవతల దుర్గాయమ్మ, మొహం కిటికీకేసి.

వైకుంఠరావుగారు కాగితం లోంచి తల ఎత్తకుండా అన్నారు: "పుస్తకం ప్రకారం ఈవిడ మోయనే కూడదు. అరవై ఏళ్ళావిడ. పిల్లకి ఏమైనా అయితే ఎవరు పూచీ?"

"ఏమైనా అవడమేంటి?" చిలకమ్మ గొంతు లేచింది. "నా మనవరాలికి నా దగ్గర ఏమవుద్ది?"

దీపం పసుపుకి తిరిగింది.

వైకుంఠరావుగారు గడియారం చూసుకున్నారు. పెన్ను మూత తీశారు.

"శాంతంగా ఉండు చిలకమ్మా," అంది సువార్తమ్మ. శాంతంగా ఉండమన్నాక శాంతంగా ఉన్నవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. చిలకమ్మ మెడమీద నరం కొట్టుకోవడం నా దాకా కనబడుతోంది. ఒక నిమిషం. సువార్తమ్మ నాకేసి చూసింది. నేను లేచాను.

"కూర్చో," అన్నారు వైకుంఠరావుగారు.

రెండు నిమిషాలు. కట్టు గదిలోంచి నాగలత కేక: "అమ్మా, ఏమైంది?" చిలకమ్మకి ఇంకా కంగారు. రెండున్నర.

సూర్రావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ చేయలేడు. "ఒసే దుర్గా," అన్నాడు. అంత మందిలో భార్యని పేరుపెట్టి పిలిచాడు.

దుర్గాయమ్మ కిటికీ నుంచి మొహం తిప్పింది. లేచింది. ఆరడుగులూ మూడంగల్లో దాటి చిలకమ్మని వాటేసుకుంది.

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది చిలకమ్మ, ఆవిడ భుజం మీద నుంచే.

"నీకోసం కాదు, పిల్ల కోసం."

"పిల్ల కోసమే అయితే నాలుగు రోజులు ఎక్కడికి పోయావు?"

"గోడమీది అంకెలు చూసి నన్ను నలుగురిలో దెప్పినప్పుడు నువ్వెక్కడికి పోయావు?"

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి!" సువార్తమ్మ గదమాయించింది. "గుండెలు రెండూ గుర్రాల్లా పరిగెడుతున్నాయి. అది ఎవరిదని గుర్తుపట్టుకోవాలి?"

మూడున్నర. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. కళ్ళు కూడా మూసుకున్నారు. కింద స్తంభాలకి నీళ్ళు తగులుతున్న చప్పుడొక్కటే. పసుపే. నాలుగు నిమిషాలు. నేను ఊపిరి తీయడం మానేశాను, నన్ను గమనించి తిట్టే తీరికలో సువార్తమ్మ లేదు.

అప్పుడు చిలకమ్మ కళ్ళు మూసుకునే అంది: "వదినా."

"ఊఁ."

"తలకి ఏం నూనె రాశావు? కళ్ళు మండిపోతున్నాయి."

"ఆయనదే. వలలకి రాసేది. మా నూనె అయిపోయింది."

చిలకమ్మ ఒళ్ళు కదిలింది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వు. అది దుర్గాయమ్మకి పాకింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు మొహం దాచుకుని చప్పుడు కాకుండా ఊగిపోతున్నారు. మధ్యలో బిడ్డకి తుమ్మొచ్చింది. చీమ తుమ్మితే ఎంతో అంత. నవ్వు ఆగి ఇద్దరూ ఒకేసారి పొడుగ్గా ఊపిరి వదిలారు.

పచ్చదీపం.

సువార్తమ్మ పట్టీ జరిపింది. దుర్గాయమ్మ భుజం మీద కూడా పచ్చే.

వైకుంఠరావుగారు గడియారం చూసుకున్నారు. నాలుగు నిమిషాల నలభై ఒక్క సెకను అని రాశారు.

"మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అని అడిగారు.

"కాదండి. వియ్యపురాళ్ళం," అంది దుర్గాయమ్మ.

ఆయన పెన్ను మూత పెట్టేశారు. "మా ఇంట్లో అయితే ఎర్రదీపమే."

మూడో ఎరుపు పడలేదు కాబట్టి గూళ్ళు ఉంటాయి. నా పరిశీలన చెల్లదు కాబట్టి కొత్తగా ఇంకొకరొచ్చి నలభై రోజులు చూస్తారు. వంతుల పట్టీకి నకలు కావాలన్నారు. రాసిచ్చాను. ఎవరు ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరు ఎవరికి ఇవ్వకూడదో కూడా రాయమన్నారు. అది రాయడానికి చిలకమ్మ, దుర్గాయమ్మ ఇద్దరూ నా చెరోపక్కా కూర్చుని చెప్పారు. రెండు పేజీలొచ్చింది. చిన్నమ్మలు, పిన్నత్తలు, తోడికోడళ్ళు అందరూ ఉన్నారు. ఆయన అది మడిచి వాడుక పుస్తకంలో, మొదటి పేజీ దగ్గరే పెట్టుకున్నారు. నాలుగింటికి సూర్రావు చెప్పుల జత ఒకటి వేసుకుని లాంచీ ఎక్కారు.

నన్ను కూడా రమ్మన్నారు. పది రోజులు సెలవు అడిగాను.

"ఎందుకు?"

"ఇంకా నూటడెబ్బై అయిదు గ్రాములుందండి."

ఇరవై తొమ్మిదో రోజు (పరిశీలన రద్దయింది, ఊరికే రాస్తున్నాను)

పొద్దున ఆరింటికి సువార్తమ్మ పొడిగుడ్డలో తూసింది. 1,812. ఇంకోసారి తూసింది. 1,812. తెర మీద డాక్టరుగారు "విప్పేయండి" అన్నారు.

గూడు పట్టీలు విప్పినప్పుడు దీపం ఆరిపోయింది. అందరం ఆరిన దీపంకేసే చూస్తున్నాం. ఇన్ని రోజుల అలవాటు, బిడ్డ ఎలా ఉందో తెలియాలంటే దీపం చూడడం. నాగలత ఒక్కతే బిడ్డ మొహం చూస్తోంది. పాత చీరముక్కలో చుట్టి ఎత్తుకుంది. బిడ్డ ఆవులించింది.

పది అయింది. చిలకమ్మ లేచి, ఎందుకు లేచిందో మర్చిపోయి మళ్ళీ కూర్చుంది. రెండింటికి దుర్గాయమ్మ జుట్టు ముడి సరిచేసుకుని నిలబడి చిలకమ్మకేసి చూసింది. ఇద్దరూ నవ్వుకుని ఉత్తినే ఒకసారి కావిలించుకున్నారు. మూడు సెకన్లు.

సాయంత్రం ఆరింటికి సూర్రావు వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, చొక్కా పై బొత్తాలు విప్పుకుని. సరాసరి మందుల గది తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. లోపల ఎవరూ లేరు. కాసేపు చూసి వార్డులోకి వచ్చాడు. కోడలి మంచానికి నాలుగడుగుల దూరంలో, ఎప్పటిలా గోడకేసి చూస్తూ అడిగాడు:

"అయితే మరి... ఇప్పుడు నా వంతు ఎప్పుడమ్మా?"

"ఇంక వంతుల్లేవు మావయ్యా," అంది నాగలత. "ఏడిస్తే ఎత్తుకోవడమే."

బిడ్డ ఏడవడం లేదు. హాయిగా నిద్రపోతోంది. నాగలత రెండు చేతులూ చాపింది, మధ్యలో ఎవరూ లేకుండా. సూర్రావు ఒక్క క్షణం భార్యకేసి చూశాడు. తర్వాత నాలుగడుగులూ వేసి కోడలి చేతుల్లోంచి మనవరాలిని అందుకున్నాడు.